మేం నీళ్ళు పోశాం

సెప్టెంబర్ 6, సోమవారం

బెండకాయలు ముదిరిపోయాయి. రెండు రోజులు జ్వరమొచ్చి రూములో పడుకున్నాను, అంతే, వెధవ కాయలు నాకోసం ఆగలేదు. కొస విరిస్తే టప్పున విరగాలా, ఇవి తాడులా వంగుతున్నాయి. ముదురువి విత్తనానికి వదిలేసి, లేతవి కోసి మెస్సులో ఇచ్చాను.

మెస్సు వంటాయన బుట్టలోకి తొంగిచూసి, మొన్నటి పాలకూర బ్రహ్మాండంగా ఉందని మీ తోట పిల్లలందరికీ చెప్పమ్మా అన్నాడు. చెప్తానన్నాను. సాయంత్రం చిక్కుడు పాదుకి చెప్పాను. ఇంకెవరున్నారు గనక.

ఫోటోలు తోట వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గ్లవ్ తొడుక్కున్న చేత్తో ఒకటి, ఉత్త చేత్తో ఒకటి. ఇద్దరు కలిసి కోసినట్టు వచ్చింది. కింద "ఈరోజు మేం బెండకాయలు కోశాం, నీళ్ళు పోశాం" అని రాశాను. బొటనవేళ్ళు బాగానే పడ్డాయి. నా పాత రూమ్మేటు పొడుగు కూడా చూసింది. అది మాత్రం వేలు పెట్టలేదు.

జ్వరం తగ్గిందా అని ఎవరూ అడగలేదు. వచ్చిందని తెలిస్తే కదా అడగడానికి.

సెప్టెంబర్ 7

వాన. నీళ్ళు పొయ్యక్కర్లేదు. అయినా వెళ్ళొచ్చాను.

సెప్టెంబర్ 9, గురువారం

పక్క మంచం మీదకి నారు ట్రేలన్నీ ఎక్కించేశాను. కిటికీ పక్కది కదా, పొద్దుటి ఎండ నేరుగా పడుతుంది. ఇన్నాళ్ళూ ఆ ఎండంతా పొడుగు మొహాన పడి వృథా అయిపోయేది.

అది రూము మారి రెండు నెలలు. నాటకాల గ్రూపులో చేరింది, రిహార్సల్సని తిరిగింది, తోటకి డుమ్మా కొట్టింది. నేను సాధించాను, అది విసుక్కుంది. చివరికి ఒకరోజు సామాను సర్దేసుకుని వెనక బ్లాకులో నాటకాల పిల్ల రూముకి వెళ్ళిపోయింది. గుమ్మంలో ఆగి, తోటెలా మరి అంది. తోటకి మనుషులకేం కొదవ, నీ నాటకం నువ్వు చూసుకో అన్నాను.

అప్పుడు మనుషులున్నారు, అబద్ధం కాదు. తర్వాత పరీక్షలని కొందరు, ఎండలని కొందరు, మిగతావాళ్ళు అదీ చెప్పకుండా, ఒక్కొక్కరే జారుకున్నారు. తోట మొదలుపెట్టిన సీనియరక్క అంతకుముందే చదువైపోయి వెళ్తూ కొళాయి తాళంచెవి మా ఇద్దరి చేతుల్లో కలిపి పెట్టింది. ఇప్పుడది నా మెళ్ళో వేలాడుతోంది.

నాకేం బాధ లేదు. ట్రేలకి చోటు దొరికింది.

సెప్టెంబర్ 12, ఆదివారం

అమ్మ ఫోన్. తిన్నావా అంది. తిన్నానన్నాను. ఎవరితో తిన్నావు అంది. పొడుగుతో అన్నాను. అది పలకరించి చాలా రోజులైంది, ఒకసారి ఇవ్వవే అంది. స్నానానికెళ్ళిందన్నాను. పోయిన ఆదివారం కూడా స్నానానికే పంపాను దాన్ని. ఇలా అయితే దానికి జలుబు చెయ్యడం ఖాయం.

టమాటాలకి కర్రలు కట్టాను. కర్ర ఒకరు పట్టుకుంటే ఒకరు కట్టాలి. గడ్డంతో నొక్కిపెట్టి నేనే కట్టాను. గడ్డం కమిలింది.

గ్రూపులో: "ఈరోజు మేం టమాటాలకి కర్రలు కట్టాం."

సెప్టెంబర్ 13, సోమవారం

ల్యాబు వెనక్కి వెళ్ళేసరికి ఒకాయన తోటలో టేపు పట్టుకుని నేల కొలుస్తున్నాడు. వంగ మొక్కల మీద కాలేసి మరీ కొలుస్తున్నాడు. ఎవరండీ మీరంటే, ఎస్టేట్ ఆఫీసు, ఇక్కడ స్టాఫు స్కూటర్లకి షెడ్డు వస్తోంది అన్నాడు, చావు కబురు చల్లగా.

క్లాసు ఎగ్గొట్టి డీన్ గారి గదికి పరిగెత్తాను. ఆయన మంచివాడే, తిట్టుకుందామంటే వీల్లేదు. పిల్లలు నిజంగా చేసుకుంటున్న తోటయితే షెడ్డు ఇంకోచోట వేయిస్తాను, ఎవరూ పట్టించుకోని చోటయితే మాత్రం ఉంచలేను అన్నారు. ఎంతమంది చేస్తున్నారమ్మా అని అడిగారు.

"మేం పదిహేనుమందిమి సార్."

నోరు దానంతటదే అంది. నేను అడ్డుపడేలోపే అయిపోయింది. ఆయన సంతోషించి, శుక్రవారం పొద్దున వస్తాను, అందర్నీ ఉండమను, చూసి నిర్ణయం చెప్తానన్నారు.

పోతే ఏముంది, నాలుగు మళ్ళే కదా అని ఎవరైనా అంటారు. అననీ. క్లాసులో నేను ఉన్నదీ లేనిదీ హాజరు పిలిచేవాళ్ళకి తప్ప తెలీదు. మెస్సులో నా పక్క కుర్చీ లాక్కెళ్ళడానికి తప్ప ఎవరూ నా బల్ల దగ్గరికి రారు. తోటలో నేను ఒకపూట కనిపించకపోతే పాలకూర తల వాల్చేస్తుంది. పొద్దున కళ్ళు తెరిస్తే నాకు వెళ్ళడానికున్న చోటు అదొక్కటే. అది పోకూడదు. పదిహేనుమందిని తెస్తాను.

సెప్టెంబర్ 14, మంగళవారం

గ్రూపులో పెట్టాల్సిన మెసేజ్ పొద్దుటినుంచీ రాసి చెరిపి, రాసి చెరిపి, మధ్యాహ్నానికి ఇలా పెట్టాను: "శుక్రవారం డీన్ సార్ తోట చూడ్డానికి వస్తున్నారు. మేం అంతా సిద్ధం చేస్తున్నాం. వీలైతే మీరూ రండి."

బతిమాలినట్టు లేదు. పద్ధతిగా ఉంది.

జవాబులు: గ్రేట్. సూపర్. మీరు కుమ్మేస్తున్నారు. ఆల్ ది బెస్ట్ టు ద టీమ్. ఒక్కరూ వస్తాననలేదు. నాకు అర్థం కాదు, ఇంత మెచ్చుకునేవాళ్ళకి ఒక్క పూట రావడానికేం.

సీనియరక్కకి ఫోన్ చేశాను. ఏదో మీటింగులో ఉందట, గుసగుసగా మాట్లాడింది. రోజూ చూస్తున్నానే మీ ఫోటోలు, అంత మంచి టీమ్ ఉండగా నీకు దిగులెందుకు అంది. అవునక్కా అన్నాను. పెట్టేసింది.

సెప్టెంబర్ 15, బుధవారం

పొడుగుని అడుగుదామని రిహార్సల్ హాలుకి వెళ్ళాను. ఏముంది, వెళ్తాను, శుక్రవారం వస్తావా అంటాను, వస్తే వస్తుంది లేకపోతే లేదు. దారంతా ఇదే అనుకుంటూ వెళ్ళాను.

తలుపు తీసే ఉంది. అది మధ్యలో నిలబడి ఎవర్నో చెడామడా తిట్టే వేషం వేస్తోంది. అందరూ పడీపడీ నవ్వుతున్నారు. నన్ను చూసి ఆగింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. దగ్గరికొచ్చి, ఏంటే అంది. చాలా రోజుల తర్వాత వినేసరికి ఆ 'ఏంటే'కి దారంతా అనుకున్నది ఎగిరిపోయింది.

కుర్చీ కావాలి అన్నాను.

కుర్చీనా అంది. అవును, డీన్ సార్ కూర్చోవడానికి అన్నాను. లోపలికెళ్ళి ఒక ఇనప కుర్చీ తెచ్చిచ్చింది. ఇంకేమైనా కావాలా అని కూడా అడిగింది. వద్దన్నాను. కాలేజీ ఈ చివరినుంచి ఆ చివరికి ఆ కుర్చీ మోసుకుంటూ వచ్చాను. పిచ్చిముండ బరువుంది.

సెప్టెంబర్ 16

కలుపు తీశాను. గట్లు సర్దాను. కుర్చీ తుడిచాను.

ఎవరూ రారు.

సెప్టెంబర్ 17, శుక్రవారం

 వరసగా రాయకపోతే నిద్ర పట్టదు.

పొద్దున్నే వెళ్ళి గట్టు మీద కూర్చున్నాను. ఏరమ్మా మీవాళ్ళు అని డీన్ గారు అడిగితే ఏం చెప్పాలో వల్లె వేసుకుంటున్నాను. బస్సు రాలేదు. ల్యాబు పెట్టారు. అందరికీ జ్వరాలు. అంతలో ల్యాబు మలుపు దగ్గర గోలగోలగా జనం. ముందు పొడుగు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచింది. వెనక నాటకాల గ్రూపు గ్రూపంతా, బకెట్లు, చీపుర్లు, తలకి గుడ్డలు, ఎక్కడ దొరికిందో ఒక పలుగు. లెక్కపెట్టాను. పదిహేనుమంది.

ఎలా తెలిసిందే అంటే, కుర్చీ ఎక్కడికెళ్తోందో చూద్దామని నీ వెనకే వచ్చాను, షెడ్డు సంగతీ నీ పదిహేనుమంది సంగతీ ఎస్టేట్ ఆఫీసులో చెప్పారు అంది. నా మొహంలోకి చూడలేదు. ఎవరెక్కడ నిలబడాలో చెప్పు అంది. నేను మళ్ళీ లెక్కపెడుతున్నాను. తనే ఒక్కొక్కరినీ ఒక్కో మడి దగ్గర నిలబెట్టింది. వాళ్ళ డైరెక్టరట, ఒక గడ్డం కుర్రాడు, చిక్కుడు పాదుని చూపించి ఈ దోస ఎన్నాళ్ళది అని నన్నే అడిగాడు.

డీన్ గారొచ్చారు. ఆయన మొహం విప్పారిపోయింది. ఒక్కొక్కరినీ పలకరించారు. నేను నీళ్ళు పోస్తాను సార్. నేను కలుపు తీస్తాను సార్. గడ్డం కుర్రాడు ఎండాకులు కుళ్ళబెట్టి ఎరువు చెయ్యడం గురించి ఎంత బాగా చెప్పాడంటే, నాకే ఆశ్చర్యమేసింది. ఒకమ్మాయి, రోజూ మెస్సుకి కూరలు తీసుకెళ్ళేది నేనే సార్, వంటాయనకి నేనంటే ఎంత ఇష్టమో అంది. సిగ్గు కూడా పడింది అంటూ. పొడుగు మాత్రం, నేను మొదటినుంచీ ఉన్నాను సార్ అంది. అంతమందిలో నిజం చెప్పింది అదొక్కతే.

స్కూటర్లదేముంది, ఇంకెక్కడైనా పెట్టుకుంటారు, ఇంతమంది కష్టం తీసేస్తామా అన్నారు డీన్ గారు. అయిపోయింది. గెలిచినట్టే. అప్పుడు నావైపు తిరిగారు.

"మరి నువ్వేం చేస్తావమ్మా ఇక్కడ?"

మంచిగానే అడిగారు. నేను చుట్టూ చూశాను. నీళ్ళు ఒకరు పోసేశారు, కలుపు ఒకరు తీసేశారు, ఎరువు, మెస్సు, అన్నీ పంచేసుకున్నారు. నేను చెయ్యడానికి ఏ పనీ మిగల్లేదు. అందరూ నేనేమంటానా అని నవ్వుమొహాలతో చూస్తున్నారు. ఇన్నాళ్ళూ ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా నాకు ఇంత ఒంటరిగా అనిపించలేదు.

"అన్నీ నేనే చేస్తాను సార్. వీళ్ళెవరూ ఇక్కడివాళ్ళు కాదు."

 డీన్ గారు కుర్చీలో కూర్చున్నారు. ఎన్నాళ్ళనుంచి అని అడిగారు, చెప్పాను. ఆ నిజం సోమవారం చెప్పి ఉంటే ఏదో ఒక దారి చూసేవాణ్ణమ్మా, ఇంతమంది చేత అబద్ధం ఆడించాక ఇప్పుడు ఒక్కరికోసం ఆపమని నేను ఏ మొహంతో చెప్పను అన్నారు. కేకలేసినా బాగుండేది. వచ్చే బుధవారం పని మొదలవుతుంది, ఈలోగా కావాల్సినవి తీసేసుకోమని చెప్పి వెళ్ళిపోయారు.

నాటకాలవాళ్ళు బకెట్లు సర్దుకున్నారు. మా షో ఇంత ఘోరంగా ఎప్పుడూ పోలేదు అన్నాడు గడ్డం. పొడుగు వాళ్ళతో వెళ్ళలేదు.

"మేం నీకోసం చీకటితో లేచి వచ్చాం," అంది. "నిన్న సాయంత్రమంతా కూర్చుని వాళ్ళకి ఎరువంటే ఏంటో నేర్పాను. మమ్మల్ని ఇలా చేస్తావా?"

'మేం' అనేసరికి నాకు చురుక్కుమంది. వాళ్ళందరినీ అటు పెట్టి, నన్ను ఇటు నిలబెట్టినట్టయింది. అదే అన్నాను. మేమట మేం, ఇప్పుడు నీకు వాళ్ళే మేం అయిపోయారా అన్నాను.

అది చేతిలో బకెట్ కింద పెట్టింది.

"నీకు ఒక్కసారికే చురుక్కుమందా. నువ్వు నాకు రోజూ వాత పెడుతున్నావు. మేం నీళ్ళు పోశాం. మేం బెండకాయలు కోశాం. మేం కర్రలు కట్టాం. నేను గడప దాటగానే నా చోట్లోకి ఎవర్నో తెచ్చుకున్నావనుకున్నాను. రెండో చెయ్యి ఎవరిదా అని ఫోటో పెద్దది చేసి చూసేదాన్ని."

"రెండూ నావే," అన్నాను.

"మొన్న కుర్చీ వెనక వచ్చినప్పుడు తెలిసింది. నువ్వొక్కదానివే గట్టు మీద. మనం అని ఒక్కసారి రాసి ఉంటే బకెట్ పట్టుకుని వచ్చేదాన్ని కదే."

"నువ్వు లేకుండా మనం అని ఎలా రాస్తాను? అబద్ధం కాదూ?"

"మరి మేం నిజమా?"

 ఎవరూ లేరని రాస్తే జాలిపడి వస్తావని రాయలేదన్నాను. జాలితో వస్తే ఏం పోయింది, వచ్చాక తిట్టుకునేవాళ్ళం అంది. ఏడుస్తోందేమో, మొహం అటు తిప్పుకుంది. నేనైతే దాచుకోలేదు, బాహాటంగానే ఏడ్చాను. తర్వాత అది క్యాను తీసుకుని పాలకూర మడి మొత్తం తడిపింది, నేను టమాటాలు తడిపాను. ఊడబెరకబోయే మొక్కలకి నీళ్ళు. క్లాసుకి టైమైందని మట్టి కాళ్ళతోనే వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 18, శనివారం

గ్రూపులో పాత మెసేజ్‌లు పైకి జరుపుకుంటూ చదివాను. మేం, మేం, మేం. రెండు నెలలు మేకలా అరిచాను. గ్రూపులో ఎవరు చదివినా తను తప్ప మిగతావాళ్ళంతా అక్కడున్నారనే అనుకుంటారు. సీనియరక్క కూడా అలాగే అనుకుంది. వాళ్ళు రాలేదని ఇన్నాళ్ళూ వాళ్ళని తిట్టుకున్నాను.

కొత్త మెసేజ్ పెట్టాను. రాసి చెరపలేదు.

"ఇన్నాళ్ళూ తోటలో నేనొక్కదాన్నే ఉన్నాను. బుధవారం తోట తీసేస్తున్నారు. రేపు మొక్కలు పెళ్ళగిస్తాను. కావాల్సినవాళ్ళు వచ్చి తీసుకెళ్ళండి."

ఒక్క బొటనవేలూ పడలేదు.

సెప్టెంబర్ 19, ఆదివారం

వచ్చారు. అందరూ కాదు, కానీ వచ్చారు. బకెట్లు, పగిలిన మగ్గులు, సగానికి కోసిన నీళ్ళ సీసాలు పట్టుకుని, తప్పు చేసినట్టు నిలబడ్డారు. మీకు సరిపడా జనం ఉన్నారు కదా, మధ్యలో మేమెందుకని రాలేదు అంది ఒకమ్మాయి. చెప్పొచ్చు కదా అన్నాడు ఇంకొకడు. అవును, చెప్పొచ్చు. వేరు తెగకుండా మట్టిగడ్డతో ఎలా లేపాలో చూపించాను. పొద్దున పొయ్యండి, మిట్టమధ్యాహ్నం పొయ్యకండి అని ప్రతివాళ్ళకీ చెప్పాను. మాట్లాడీ మాట్లాడీ గొంతు బొంగురుపోయింది, అలవాటు తప్పింది కదా.

పొడుగు ఆఖరున వచ్చింది. ఒక చిన్న వంగ మొక్క తీసుకుంది. రిహార్సల్ ఉందని నిలబడే మాట్లాడింది. నేను పొద్దున్నే దాని మంచం మీది ట్రేలన్నీ తీసి కింద పెట్టాను. ఎందుకు పెట్టానో దానికి చెప్పలేదు. అది కూడా రూము ఊసెత్తలేదు.

చిక్కుడు పాదుని ఎవరూ తీసుకెళ్ళలేరు. గోడంతా అల్లుకుంది. కాయలు కోసుకుని వదిలేశాను.

సెప్టెంబర్ 20

తాళంచెవి ఎస్టేట్ ఆఫీసులో ఇచ్చేశాను. సంతకం కూడా అడగలేదు, సొరుగులో పడేశాడు.

సెప్టెంబర్ 22, బుధవారం

గుంటలు తీసి ఇనప స్తంభాలు పాతుతున్నారు. దూరంనుంచి చూసి వచ్చేశాను. పాదు తెగ్గొట్టి కుప్ప పోశారు, ఇంకా పచ్చగానే ఉంది.

సెప్టెంబర్ 23

అలవాటు ప్రకారం మెలకువొచ్చింది. లేచి చెప్పులేసుకున్నాక గుర్తొచ్చింది. చెప్పులతోనే మంచం మీద కూర్చున్నాను. గోళ్ళలో మట్టి పోయింది. శుభ్రంగా ఉన్నాయి, ఎవరి చేతులో అన్నట్టున్నాయి.

నాకు బాధగా ఉంది.

సెప్టెంబర్ 24

వసారాలో అడుగులు వినిపించాయి. పక్క రూమువాళ్ళవి.

సెప్టెంబర్ 25, శనివారం

పొద్దున్నే ఎవరో తలుపు కొట్టారు. పొడుగు. జుట్టు ముడి కూడా వేసుకోకుండా వచ్చింది. నా వంగ మొక్క తల వాల్చేసిందే, ఏమైందో అర్థం కావట్లేదు, వచ్చి చూస్తావా అంది.

దాని వెంట వెనక బ్లాకుకి వెళ్ళాను. రెండు కాపులు నాతో కలిసి వంగ నారు పోసి, నాటి, పురుగులేరి, కాయలు కోసిన మనిషి. వంగ మొక్కకి ఏమైందో అర్థం కావట్లేదట. 

కొత్త రూమ్మేట్ ముసుగుతన్ని పడుకుంది. కిటికీలో బకెట్, బకెట్లో మొక్క. ఆకులు నిటారుగా ఉన్నాయి. మట్టి సరిగ్గా ఎంత తడుండాలో అంత తడిగా ఉంది. కొసన చిన్న మొగ్గ కూడా తొడిగింది. వంగి మట్టి నొక్కి చూశాను. ఒక ఆకు తిరగేశాను. ఇంకో ఆకు తిరగేశాను. పొడుగు మంచం మీది పుస్తకాలన్నీ గోడవైపు నెట్టి నాకు చోటు చేసింది. కూర్చున్నాను.

"ఏమంటావే?" అంది, మెల్లిగా, ఆ పిల్ల లేవకుండా.

మొక్క నిక్షేపంలా ఉంది.

"ఇప్పుడే చెప్పలేం," అన్నాను. "రేపు కూడా వచ్చి చూడాలి."